కొండ బస్సు పడనివారికి జరిమానా వద్దు

సంపాదకులకు నమస్కారం.

తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు కిటికీల నుంచి వాంతులు చేసుకునేవారికి జరిమానా వేయాలని గత వారం మీ ఉత్తరాల శీర్షికలో ఒక పాఠకుడు రాశారు. వెనక కిటికీ దగ్గర కూర్చున్న తన భార్య పట్టుచీర పాడైందనీ, దర్శనానికి వెళ్తున్నామన్న సంతోషమే లేకుండా పోయిందనీ చెప్పారు. ఆ బాధ నిజమైనది. దాన్ని నేను తేలిక చేయను. ఆయన అక్కడితో ఆగకుండా, ఇలాంటివారు ఒళ్లు దగ్గర పెట్టుకుని ప్రయాణం చేయడం నేర్చుకోవాలని కూడా రాశారు. ఆ మాట చదివాక ఊరుకోలేకపోయాను.

తిరుపతి బస్టాండుకు దగ్గరలో మందుల దుకాణం నడుపుతున్నాను. కొండకు బయలుదేరే జనంలో బస్సు పడనివారు రోజూ నా దుకాణం మెట్లెక్కుతారు. వారిలో ఒళ్లు దగ్గర పెట్టుకోనివారిని నేను చూడలేదు. నలుగురిలో పరువు పోతుందేమోనన్న భయంతో, ముందురోజు నుంచే కడుపు మాడ్చుకుని, కొంగు చాటున నిమ్మకాయ పట్టుకుని వచ్చేవారే ఎక్కువ. మాత్ర అడిగేటప్పుడు కూడా గొంతు తగ్గించి అడుగుతారు. చేయని తప్పుకు ఇంత సిగ్గుపడుతున్నవారికి జరిమానా కూడా వేయాలా?

ఈమధ్య ఒక శనివారం పొద్దున అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం నా దగ్గరికి వచ్చింది. తల్లి, అమ్మమ్మ, పదేళ్ల పాప. పాప పెదవులు ఎండిపోయి ఉన్నాయి. చేతిలోని నిమ్మకాయ తొక్క నిండా గోటిగాట్లే. రాత్రి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదట. "మొక్కు తీర్చుకోవడానికి పోతూ ఇట్లా అయితే ఎట్లాగే? మనసు స్వామి మీద పెట్టుకుంటే ఏమీ కాదు" అని అమ్మమ్మ మందలిస్తోంది. ఆమెకు మనవరాలి మీద ప్రేమ లేక కాదు. ఇది మనసు నిలకడకు సంబంధించిన సంగతి అని ఆమె గట్టిగా నమ్ముతోంది. తల్లి మాత్రం పైత్యం అంటోంది. పాప నా వైపు చూసి, "ఇంతమందిలో నాకే ఎందుకు ఆంటీ?" అని అడిగింది.

కౌంటరు మీదున్న మీ పత్రికనే ఆ పాప చేతికిచ్చాను. పత్రికను కదపకుండా పట్టుకుని, వద్దు వద్దు అన్నట్టు తలను గబగబా అటూ ఇటూ ఊపుతూ చదవమన్నాను. తడబడకుండా చదివింది. తర్వాత తల కదపకుండా, అంతే వేగంగా పత్రికను ఊపుతూ చదవమన్నాను. అక్షరాలు అలుక్కుపోయాయి. తల్లి కూడా చేసి చూసింది. అమ్మమ్మకు చదువు రాదు కాబట్టి బొమ్మ చూస్తూ చేసింది. ముగ్గురికీ ఒకేలా జరిగింది. ఈ ఉత్తరం చదువుతున్నవారు ఇప్పుడే, ఇదే కాగితంతో చేసి చూడవచ్చు.

రెండుసార్లూ కంటికీ కాగితానికీ మధ్య కదలిక అంతే. తల కదిలినప్పుడు మాత్రం లోపలి చెవి ఆ సంగతిని కంటి కండరాలకు చేరవేస్తుంది. తల కుడికి తిరిగితే కళ్లు అంతే వేగంతో ఎడమకు తిరిగి చూపును నిలబెడతాయి. దారిలో ఉండేవి ముఖ్యంగా మూడు నాడీకణాలే కాబట్టి ఇదంతా సెకనులో వందో వంతులో జరిగిపోతుంది. శరీరంలోని అసంకల్పిత ప్రతీకార చర్యలన్నింటిలో అతి వేగమైన వాటిలో ఇదొకటి. మనం తలుచుకుని చేసేది కాదు, వద్దనుకుంటే ఆగేదీ కాదు. రోడ్డు మీద నడుస్తూ దుకాణాల బోర్డులు చదవగలుగుతున్నామంటే ఈ చర్య పుణ్యమే.

దీనికి ఆధారం లోపలి చెవిలో ఉన్న మూడు అర్ధవృత్తాకార కుల్యలు. ఒకదానికొకటి లంబంగా ఉండే ఈ సన్నని గొట్టాల్లో ద్రవం ఉంటుంది. నీళ్లున్న బిందెను పట్టుకుని గిర్రున తిరిగితే బిందె వెంటనే తిరుగుతుంది, లోపలి నీళ్లు కాసేపు వెనకబడతాయి. కుల్యల్లోనూ అంతే. వెనకబడిన ద్రవం గొట్టం మొదట్లో ఉన్న మెత్తని పొరను వంచుతుంది. ఆ పొరలో చొచ్చుకుని ఉన్న సన్నని రోమకణాలు ఆ వంపును గుర్తించి మెదడుకు చెబుతాయి. వీటికి తోడు రెండు చిన్న తిత్తులున్నాయి. వాటిలో కాల్షియం కార్బొనేట్ రేణువులు ఉంటాయి. సున్నపురాయిలో ఉండేదీ అదే పదార్థం. బస్సు వేగం అందుకోవడం, బ్రేకు పడటం, ఒక పక్కకు ఒరగడం, చివరికి నేల ఎటువైపు ఉందన్నదీ ఈ రేణువుల బరువు వల్లే తెలుస్తుంది.

ఇంత చక్కని ఏర్పాటు కాలినడకన తిరిగే మనిషికి సరిపోయినట్టు బస్సులో కూర్చున్న మనిషికి సరిపోదు. ఘాట్ రోడ్డు మలుపులో బస్సు తిరుగుతుంటే చెవి "తిరుగుతున్నాం" అంటుంది. అప్పుడు పాప చూపు ముందు సీటు వీపు మీదో, అమ్మ ఇచ్చిన ఫోను మీదో ఉంటుంది. సీటూ ఫోనూ తనతోపాటే తిరుగుతున్నాయి కాబట్టి కంటికి ఏమీ కదలడం లేదు. చెవి మాట విని కళ్లు తిరగబోతాయి. తిరిగితే ఫోను బొమ్మ చెదిరిపోతుంది కనుక మెదడు వాటిని బలవంతంగా పట్టి ఆపుతూ ఉండాలి. మలుపు మలుపుకూ ఈ పెనుగులాటే. మలుపులో శరీరం బయటివైపు ఒరుగుతున్నట్టు తిత్తుల్లోని రేణువులు చెబుతుంటే, బస్సు లోపలి కమ్మీలు మాత్రం కంటికి నిటారుగానే కనిపిస్తాయి. చెవి ఒకటి, కన్ను ఒకటి చెప్పే ఈ పొత్తు కుదరని స్థితి కొంతసేపు సాగితే చాలు. నోట్లో ఉమ్మి ఊరుతుంది, చెమట పడుతుంది, ముఖం పాలిపోతుంది, చివరికి వాంతి అవుతుంది. కడుపుకు ఈ గొడవ చివర్లో చేరుతుంది.

ఇంకో సంగతి ఉంది. ఇది మన కొండ దారికి బాగా వర్తిస్తుంది. ఒకసారి తిరిగాక కుల్యల్లోని పొర ఐదారు సెకన్లలో మళ్లీ తన స్థితికి వస్తుంది. మెదడు మాత్రం ఆ తిరుగుడు సంకేతాన్ని అంతటితో వదలదు, పదిహేను ఇరవై సెకన్ల దాకా సాగదీస్తుంది. మామూలు రోడ్డు మీద ఇది మేలే చేస్తుంది. 1944లో వేసిన, ఇప్పుడు కిందికి దిగడానికి వాడుతున్న పాత ఘాట్ రోడ్డులో మాత్రం ఒక మలుపు గుర్తు మెదడులో చెరగకముందే ఎదురు మలుపు వచ్చేస్తుంది. పదేపదే ఇలా తిరిగి అలవాటైనవారిలో ఈ సాగదీత తగ్గుతుందనీ, దానితోపాటు వికారమూ తగ్గుతుందనీ పరిశోధనల్లో కనిపించింది. కొండ బస్సుల్లో పనిచేసే డ్రైవర్లు, కండక్టర్లు రోజూ తిరిగినా తట్టుకోవడానికి ఇదొక కారణం. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి వచ్చే అనంతపురం పాపకు ఆ అలవాటు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇదంతా చెవి పని అనడానికి గట్టి ఆధారం బధిరుల నుంచి వచ్చింది. 1882లో అమెరికాలోని హార్వర్డ్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ ఐదు వందల మందికి పైగా బధిరుల అనుభవాలు సేకరించి, గిరగిరా తిరిగినా కళ్లు తిరగనివారు వారిలో చాలామంది ఉన్నారని గుర్తించాడు. లోపలి చెవి పూర్తిగా దెబ్బతిన్నవారికి సముద్ర ప్రయాణంలో కూడా వికారం రాదు. 1950ల చివర్లో, 1960ల్లో అమెరికా నౌకాదళ వైద్యులు అంతరిక్ష ప్రయాణాల కోసం పదకొండు మంది బధిరులపై పరీక్షలు చేశారు. వారిలో ఎక్కువమంది చిన్నప్పుడు మెదడు పొరల వాపు జ్వరం వచ్చి వినికిడి కోల్పోయినవారు. కెనడాలోని నోవాస్కోషియా తీరంలో అలలు ఎగిసిపడుతుంటే ఓడలో వారు హాయిగా పేకాడుకుంటూ కూర్చున్నారు. పరీక్షించడానికి వచ్చిన పరిశోధకులే లేవలేక పడిపోయి, ప్రయోగాన్ని రద్దు చేసుకున్నారు.

అంటే వాంతి వస్తోందంటే ఆ మనిషి చెవి పనిచేస్తోందన్నమాట. మనసు బలహీనతకూ దీనికీ సంబంధం లేదు. బ్రిటిష్ నౌకాదళాన్ని యుద్ధాల్లో గెలిపించిన నెల్సన్‌కు జీవితాంతం సముద్రం పడలేదు. 1961లో అంతరిక్షంలోకి వెళ్లిన రష్యన్ గెర్మన్ తితోవ్ అక్కడ వికారంతో బాధపడిన మొదటి మనిషి. ఆ తర్వాత వెళ్లిన వ్యోమగాముల్లో సగానికి పైగా ఆ బాధ పడ్డారు. మన జిల్లాలోని శ్రీహరికోట నుంచి రేపు గగన్‌యాన్‌లో వెళ్లే మనవాళ్లు కూడా దీనికి సిద్ధపడే వెళ్లాలి. వారిని ఎవరైనా ఒళ్లు దగ్గర పెట్టుకోమంటారా?

సముద్రం సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. పైకీ కిందికీ కదిలే కదలికల్లో సుమారు ఐదు సెకన్లకు ఒకసారి లేచి పడేది అన్నింటికంటే ఎక్కువ వికారం తెప్పిస్తుంది. ఓడ ఊగేది ఇంచుమించు ఆ లయలోనే. సెకనుకు ఒకటి రెండుసార్లు కుదిపే నడక ఏ ఇబ్బందీ పెట్టదు. పైగా నడిచేవాడి మెదడుకు తర్వాతి అడుగు ఎక్కడ పడబోతోందో ముందే తెలుసు. బస్సు పడక, అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి వెళ్లే ఆడవాళ్లు నాకు తెలుసు. మోకాళ్లు నొప్పి అంటారే తప్ప కడుపులో తిప్పిందని ఒక్కరూ అనలేదు. స్టీరింగు పట్టినవారికి వికారం రాకపోవడానికీ సగం కారణం ఇదే. మలుపు ఎప్పుడు వస్తుందో వారికి ముందే తెలుసు, తలను మలుపు లోపలి వైపుకు వంచుతారు. వెనక కూర్చున్నవారి తల దానికి ఎదురుగా, బయటివైపుకు ఒరిగిపోతుంది. జపాన్‌లో పరిశోధకులు ప్రయాణికుల చేత కూడా డ్రైవరులాగే తల వంపించి చూస్తే వికారం తగ్గింది. దీనికి ఖర్చేమీ లేదు. నా దగ్గరికి వచ్చేవారందరికీ చెబుతున్నాను.

ఎవరికి ఎక్కువ వస్తుందన్నది కూడా గాలివాటం కాదు. రెండేళ్ల లోపు పిల్లలకు దాదాపు రాదు. ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య బాగా ఎక్కువ. మగవారికంటే ఆడవారికి, అందులోనూ గర్భిణులకు, పార్శ్వపు తలనొప్పి ఉన్నవారికి ఎక్కువ. అంటే బస్సులో అందరికంటే ఎక్కువ మాటలు పడేది పిల్లలూ ఆడవారే. ఈ ఒక్క కారణం చాలు, జరిమానా మాట ఎత్తకుండా ఉండటానికి.

ఇక మందుల గురించి. ఇది నా పని కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ప్రొమెథజీన్, డైమెన్‌హైడ్రినేట్ వంటి మాత్రలు బస్సెక్కడానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. సిన్నరిజిన్ అయితే ఇంకా ముందు. వికారం మొదలయ్యాక కడుపు తన కదలికను తగ్గించేస్తుంది, మింగిన మాత్ర అక్కడే పడి ఉంటుంది. చాలామంది అలిపిరి తనిఖీ దగ్గర దిగినప్పుడు వేసుకుందామనుకుంటారు. అప్పటికి ఆలస్యమైపోతుంది. మాత్ర పనిచేయడం మొదలుపెట్టేసరికి బస్సు కొండ మీద ఉంటుంది. పిల్ల నిద్రపోతుందని భయపడి కొందరు తల్లులు ఆఖరి నిమిషం దాకా ఆపుతారు. నిద్రపోతే పోనివ్వండి. నిద్రలో పోయే ప్రయాణం కన్నా మంచిది ఏముంది? ఇంకో పొరపాటు, జ్వరంలోనో విరేచనాల్లోనో వాంతికి వైద్యులు రాసిచ్చిన ఆన్‌డాన్‌సెట్రాన్ మాత్రను దాచుకుని తెచ్చుకోవడం. అది కడుపు, పేగుల నుంచి వచ్చే వాంతికి మంచి మందు. ప్రయాణంలో వచ్చే వికారాన్ని అంతగా ఆపదు. ప్రొమెథజీన్ రెండేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదు, ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. సొంత కారు నడుపుకుంటూ కొండెక్కేవారు ఈ మాత్రలేవీ వేసుకోకూడదు. గర్భిణులు, కంటిలో నీటి ఒత్తిడి ఉన్నవారు, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దవారు వైద్యుణ్ని అడగకుండా కొనవద్దు. అడిగినా నేను ఇవ్వను.

ఉపవాసం కూడా మేలు చేయదు. ఆ పాపకు పక్క హోటలు నుంచి రెండు ఇడ్లీలు తెప్పించి, చట్నీ లేకుండా తినమన్నాను. తిన్నాక మాత్ర వేసి, గంట తర్వాతి బస్సుకు వెళ్లమన్నాను. అమ్మమ్మ కాసేపు ఆలోచించి, "స్వామి ఆకలితో రమ్మన్నాడా ఏమిటి" అని తనే పొట్లం విప్పింది.

బస్సులు నడిపేవారిని నేను కోరేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. బస్టాండులో రోజంతా మైకులో ఎన్నో ప్రకటనలు చేస్తారు. బస్సు పడనివారు గంట ముందే మాత్ర వేసుకోవాలనీ, ముందు సీట్లు అడగవచ్చనీ తెలుగు, తమిళం, కన్నడం, హిందీల్లో ఇంకో ప్రకటన చేర్చండి. ముందు అద్దంలోంచి దూరంగా రోడ్డు కనిపిస్తే కన్ను, చెవి ఒకే మాట చెబుతాయి. వెనక చక్రాలు దాటి ఉన్న సీట్లకు ఊపు ఎక్కువ. కాబట్టి ముందు వరుసలో రెండు మూడు సీట్లు అడిగినవారికి ఇప్పించే అధికారం కండక్టరుకు ఇవ్వండి. అలిపిరిలో అందరూ సామాను దించి తనిఖీ చేయించుకుని మళ్లీ ఎక్కుతారు. సీట్లు మార్చడానికి అంతకంటే అనువైన చోటు లేదు.

తిరుమలలో ప్లాస్టిక్ నిషేధం ఉంది. ఆ నిషేధాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. దాంతో ఇదివరకు చేతిలో ఉంచుకునే పాలిథీన్ సంచి ఇప్పుడు ప్రయాణికుల దగ్గర లేదు. తల కిటికీలోంచి బయట పెట్టడం తప్ప వారికి దారేముంది? విమానాల్లో ఇచ్చేలాంటి మందపాటి కాగితపు సంచులు బస్సులో ఒక కట్ట ఉంచితే చీరలూ పాడుకావు, ఎదురుగా వచ్చే కొమ్మకో స్తంభానికో తల తగిలే ప్రమాదమూ ఉండదు. వాంతి కోసం పిల్లలు కిటికీలోంచి తల బయట పెట్టడం మలుపుల్లో ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? జరిమానా కోరిన పాఠకుడి ఇంటివారికి జరిగిన నష్టం కూడా ఈ సంచితోనే ఆగుతుంది.

డ్రైవర్లకు కూడా ఒక విన్నపం. కొండ దిగే వాహనాలు కనీసం 40 నిమిషాలు తీసుకోవాలన్న నియమం ప్రమాదాలు తగ్గించడానికి పెట్టినదే. బస్సు పడనివారికి కూడా అదే రక్ష. దిగేటప్పుడు బస్సు నిండా లడ్డూల నెయ్యి వాసన, గుండ్లకు రాసిన చందనం వాసన, మల్లెల వాసన కమ్ముకుని ఉంటాయి. బాగున్నవారికి అవి ఆనందం, వికారం మొదలైనవారికి ఊపిరాడదు. దయచేసి మలుపుకు ముందే నెమ్మదిగా వేగం తగ్గించండి, మలుపు మధ్యలో గట్టిగా బ్రేకు వేయకండి.

చివరిగా ఒక హెచ్చరిక. బస్సు దిగి ఓ గంట అయినా, ఒక రాత్రి నిద్రపోయినా తిరుగుడు తగ్గకపోతే దాన్ని కొండ దారి ఖాతాలో వేయకండి. పడకలో పక్కకు తిరిగితే గది గిర్రున తిరగడం, ఒక చెవి వినిపించకపోవడం, చెవిలో హోరు ఉంటే చెవి వైద్యుణ్ని చూడాలి. చెవిలో చల్లని నీరు, వెచ్చని నీరు పోసి కళ్ల కదలికను గమనించే పరీక్షతో ఏ చెవి మందగించిందో వారు కనిపెట్టగలరు. వియన్నాలో ఆ పరీక్షను రూపొందించిన రాబర్ట్ బరానీకి 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వార్త అందేసరికి ఆయన రష్యాలో యుద్ధ ఖైదీగా ఉన్నారు. తిరుగుడుతోపాటు మాట తడబడినా, చేయీ కాలూ పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనిపించినా అది చెవిది కాకపోవచ్చు, పక్షవాతం కావచ్చు. అలాంటివారు వచ్చి మాత్ర అడిగితే నేను ఇవ్వను. ఆటో పిలిచి, రుయా ఆసుపత్రికో స్విమ్స్‌కో వెంటనే వెళ్లమని ఎక్కించి పంపుతాను.

ఇట్లు,
మందుల దుకాణం నిర్వాహకురాలు,
తిరుపతి.